వరండాలో కలిసిన అక్కకు

అక్కా, పోయిన జూలైలో హైదరాబాద్‌లో మా యూనివర్సిటీ ఆఫీసు వరండాలో అర్జీ పట్టుకుని నిలబడ్డ బధిర విద్యార్థినిని నేనే. టెన్షన్‌లో మీ పేరు కూడా అడగలేదు.

క్లాసుకు సైగల భాష ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగడం అది మూడోసారి. ముందు బెంచీలో కూర్చోమని రాసిచ్చేవాళ్లు. లెక్చరర్ బోర్డు వైపు తిరిగితే ముందు బెంచీకైనా కనిపించేది వీపే కదా!

మీరు నా అర్జీ చదివి, జిరాక్స్ కాగితం వెనక రాశారు: "బతిమాలొద్దు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం, సెక్షన్ 16 అని రాయి." బధిరులకు తగిన భాషలో, తగిన పద్ధతిలో చదువు చెప్పాలని అందులో ఉందని నాకు ఆ రోజే తెలిసింది. రెండో కాపీ మీద అర్జీ అందినట్టు ఇన్‌వర్డ్ నంబరు, స్టాంపు వేయించుకునేదాకా పక్కనే ఉన్నారు. గుమస్తా మీతో మాట్లాడబోతే మాత్రం నా వైపు చూపించి వెనక్కి జరిగారు. మా ఇంట్లో వాళ్లు కూడా ఎప్పుడూ అలా చేయలేదు.

ఇప్పుడు ఇంటర్‌ప్రెటర్ వారానికి రెండు రోజులు వస్తున్నారు. మిగతా రోజులకు మళ్లీ అర్జీ పెట్టాను, స్టాంపు వేయించుకునే వచ్చాను.

చాలా థాంక్స్ అక్కా. మీ పెన్ను నా దగ్గరే ఉండిపోయింది.