జిల్లా ఫిజియోథెరపిస్టుల సంఘం: సభ్యులకు వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

గత సర్వసభ్య సమావేశంలో తీర్మానించినట్టే ఈ ఏడు సంఘం పనంతా ఒక్క ప్రశ్న చుట్టూ సాగింది. మన క్లినిక్కుల్లో రోజూ చేసే చికిత్సల్లో వేటికి ఆధారం ఉంది, వేటికి లేదు? 1996లో డేవిడ్ సాకెట్ బృందం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాసిన మాటే మనకు ప్రాతిపదిక: మేలైన పరిశోధన, చికిత్స చేసేవారి అనుభవం, రోగి అవసరం కలిపి నిర్ణయం తీసుకోవాలి.

నెలవారీ పఠన సమావేశాలకు ఫిజియోథెరపీ పరిశోధనలను ఒకచోట చేర్చిన పెడ్రో డేటాబేస్ వాడాం. 1999 నుంచి నడుస్తున్న ఈ డేటాబేస్‌ను ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. అందులో రోగులను గుంపులుగా విడదీసి చికిత్సలను పోల్చే పరిశోధనలకు పదికి మార్కులుంటాయి. వ్యాయామం చేయించేవారికీ చేసేవారికీ అది ఏ చికిత్సో తెలియకుండా దాచడం దాదాపు కుదరదు. ఆ రెండు మార్కులు ఎలాగూ పోతాయి, అందుకని 8 వస్తే చాలా మంచి పరిశోధనే, 6 వచ్చిందని తోసిపుచ్చకూడదు. రోగులను ఏ గుంపులో వేస్తున్నారో చేర్చుకునేవారికి ముందే తెలిసిందా, చివరిదాకా కనీసం 85 శాతం మందిని కొలిచారా అన్న రెండు అంశాలు ముందు చూడండి.

నడుం నొప్పి మీద చర్చ వేడిగానే సాగింది. ట్రాక్షన్ (నడుమును లాగి పట్టడం), అల్ట్రాసౌండ్ (ధ్వని తరంగాల చికిత్స), టెన్స్, ఐఎఫ్‌టీ (రెండూ చర్మం మీంచి కరెంటు ఇచ్చే మిషన్లు) ఇవ్వవద్దని బ్రిటన్‌లో చికిత్సా మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2016లోనే చెప్పింది. అయినా ‘కరెంటు పెట్టండి’ అని అడిగే రోగులు ఎక్కువ. మిషన్ కొన్న అప్పు వాయిదాలు, పది సిట్టింగుల ప్యాకేజీలు మన చేతులు కట్టేస్తున్నాయన్నది నిజం. కానీ కొత్తగా వచ్చిన నడుం నొప్పి చాలామందికి ఆరు వారాల్లో దానంతటదే బాగా తగ్గుతుంది. పైగా రోగి మన దగ్గరికి వచ్చేది నొప్పి ముదిరిన రోజునే. ఏమీ చేయకపోయినా తర్వాతి కొలత తక్కువే వస్తుంది, ఆ ఘనత మిషన్‌కు పోతుంది. మిషన్ మీద పెట్టే ఇరవై నిమిషాలు వ్యాయామానికీ, కదలడానికి భయపడనక్కర్లేదని వివరించడానికీ ఇవ్వాలని సంఘం సూచన.

మోకాళ్ల అరుగుదలకు వ్యాయామమే మొదటి చికిత్స. డెన్మార్క్‌లో 2013లో మొదలైన గ్లాడ్ పద్ధతిలో వారానికి రెండుసార్లు, మొత్తం 12 సార్లు దగ్గరుండి చేయిస్తారు, జబ్బు గురించి పాఠాలు కూడా చెబుతారు. మన దగ్గర గాడి తప్పేది మోతాదు దగ్గరే. బొమ్మల కాగితం చేతికిచ్చి పంపేస్తాం, బరువు పెంచం. రెండో రోజు నొప్పి పెరగగానే రోగి మానేస్తాడు. వ్యాయామంలో నొప్పి పదికి 5 దాటకుండా ఉండి, 24 గంటల్లో మునుపటి స్థాయికి దిగితే కొనసాగించవచ్చని మొదటి రోజే చెప్పాలి. దిగకపోతే బరువు తగ్గించాలి, వ్యాయామం ఆపించనక్కర్లేదు.

కాళ్ల బలం కొలతకు 30 సెకన్ల కుర్చీ పరీక్ష చాలు. సుమారు 43 సెంటీమీటర్ల ఎత్తున్న గట్టి కుర్చీని గోడకు ఆనించి, చేతులు ఛాతీ మీద పెట్టించి, ఎన్నిసార్లు పూర్తిగా లేచారో లెక్కించండి. చేతి ఆసరా తీసుకుంటే సున్నా. మూడు నెలల తర్వాత కూడా అదే కుర్చీ వాడాలి. ఎత్తు మారితే పోలిక చెల్లదు.

మోకాళ్ల అరుగుదల ఇబ్బందులను కొలిచే వోమాక్ ప్రశ్నావళిలో బాసింపట్టు వేసి కూర్చోవడం, గొంతుక్కూర్చోవడం లేవు. మన పెద్దవాళ్ల దిగులు వాటి గురించే. కాబట్టి పేషెంట్ స్పెసిఫిక్ ఫంక్షనల్ స్కేల్ కూడా వాడమంటున్నాం. చేయలేకపోతున్న మూడు పనులను రోగినే చెప్పమని, ఒక్కోదానికి 0 నుంచి 10 దాకా మార్కు వేయించండి. సగటు 2 పెరిగితేనే అసలైన మార్పుగా తీసుకోండి.

ఒక హెచ్చరిక. నడుం నొప్పితో వచ్చినవారిలో మూత్రం రాకపోవడం, మలద్వారం చుట్టూ తిమ్మిరి, రెండు కాళ్లూ బలహీనపడటం కనిపిస్తే ఆ రోజే సర్జన్ దగ్గరికి పంపాలి. జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నొప్పి ఉంటే వెన్నెముక క్షయను అనుమానించాలి.

జమాఖర్చుల పట్టిక విడిగా పంపాం. వచ్చే ఏడు ప్రతి క్లినిక్‌లో మొదటి రోజు, ఆరో వారం, మూడో నెల కొలతలు ఒకే పట్టికలో నింపాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. మధ్యలో మానేసినవారి పేర్లు తీసేయకుండా ఆ వరుసను ఖాళీగానే ఉంచండి. వాళ్లను వదిలేస్తే బాగుపడినవారే మిగిలి ఫలితం పెరిగినట్టు కనిపిస్తుంది.