ఏసీ అవుట్‌డోర్ దగ్గర అడుగు పెట్టే చోటేదండీ?

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ పేపర్లో కొత్త ఏసీ కొనేవాళ్ల కోసం ముప్పావు పేజీ వేశారు. ఏ గదికి ఎన్ని టన్నులు, స్టార్లు ఎన్ని ఉండాలి, ఫోన్‌తో ఆన్ చేసుకోవచ్చా, ఫిల్టర్ ఎన్నాళ్లకోసారి కడగాలి, అన్నీ రాశారు. బొమ్మలో తెల్లటి ఇండోర్ యూనిట్ కింద ఓ కుటుంబం నవ్వుతూ కూర్చుంది. గోడ అవతల ఉండే డబ్బా గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. 22 ఏళ్లుగా ఆ డబ్బాలు బిగించి ఇల్లు నడుపుకుంటున్నవాణ్ణి. ఐటీఐలో ఫ్రిజ్‌లు, ఏసీల ట్రేడు రెండేళ్లు చదివాను. ఉత్తరాలు రాసే అలవాటు లేదు. మా అమ్మాయి దిద్దిపెడతానంది కాబట్టి కూర్చున్నాను.

ఏసీ చల్లదనాన్ని తయారుచేయదండీ. గదిలో వేడిని తోడి బయట పారబోస్తుంది, అంతే. టన్నున్నర మిషన్ గట్టిగా నడుస్తుంటే గదిలోంచి లాగిన అయిదు కిలోవాట్ల పైచిలుకు వేడి, దానికి తోడు తాను తిన్న కరెంటు, రెండూ కలిపి అవుట్‌డోర్ ఫ్యాన్ బయటికి ఊదుతుంది. స్నానాల గదిలో వాడే 2 కిలోవాట్ల గీజర్లు మూడు ఒకేసారి వేసినట్టు. ఆ వేడి పోవడానికి దారి ఉండాలి. వెనక గోడకీ డబ్బాకీ మధ్య జానెడైనా సందు, ముందు రెండడుగులైనా ఖాళీ లేకపోతే ఊదిన వేడి గాలినే మళ్లీ పీల్చుకుంటుంది. బావిలో తోడిన నీళ్లు ఆ బావిలోనే పోస్తుంటే ఎప్పటికి ఎండేను? లేబుల్ మీద రాసే కూలింగ్ లెక్క బయట 35 డిగ్రీలున్నప్పుడు కొలిచినది. మే నెలలో మా బెజవాడలో ఆ 35 కావాలంటే రాత్రి భోజనాలయ్యేదాకా ఆగాలి.

మూడేళ్ల కిందట పటమట వైపు ఓ అయిదంతస్తుల అపార్ట్‌మెంట్ నుంచి ఫోను. పై అంతస్తు ఫ్లాటు. మధ్యాహ్నం రెండయ్యేసరికి ఏసీ ఆగిపోతోంది, సాయంత్రం ఆరుకి మళ్లీ దానంతటదే బాగవుతోంది. అప్పటికే ఇద్దరు వచ్చి చూశారట. ఒకాయన గ్యాస్ తక్కువైందని నింపి డబ్బులు తీసుకున్నాడు. రెండో ఆయన కంప్రెసర్ మార్చాలన్నాడు. నేను వెళ్లి అవుట్‌డోర్ ఎక్కడుందమ్మా అంటే ఇంటావిడ వంటింటి వెనక చిన్న కిటికీ చూపించింది. తల దూర్చి చూశాను. రెండు ఫ్లాట్ల గోడల మధ్య నాలుగడుగుల వెడల్పు డక్టు. డ్రెయినేజీ పైపులు అందులోనే, పావురాలు అందులోనే. అంతస్తుకి రెండు చొప్పున పది అవుట్‌డోర్లు ఎదురెదురుగా ఒకదాని మొహం మీద ఒకటి ఊదుకుంటున్నాయి. థర్మామీటరుకి తాడు కట్టి కాయిల్ (వేడి వదిలే గొట్టాల చుట్ట) వెనక్కి దింపితే 58 చూపించింది. టెర్రస్ మీద ట్యాంకు నీడలో 43. మిగతా తొమ్మిది మిషన్ల వేడీ వచ్చి ఆ పదో మిషన్ నెత్తిన కూర్చుంటే, లోపల ప్రెషర్ పెరిగి ప్రాణభయంతో అది ఆగిపోతోంది. గ్యాస్ సరిగ్గానే ఉంది, నిజానికి నింపిన పుణ్యాన ఎక్కువే ఉంది. దాన్ని విప్పి టెర్రస్ మీద పెట్టాను. కాపర్ పైపు ఆరు మీటర్లు పెరిగింది. పెరిగిన పైపుకి తగ్గట్టు గ్యాస్‌ని కాటా మీద తూచి సరిచేశాను. ఆ వేసవి మళ్లీ నాకు ఫోను రాలేదు. మా వృత్తిలో ఫోను రాకపోవడమే మెచ్చుకోలు.

ఆ డక్టు కట్టినాయన ప్లాన్‌లో అక్కడ ‘ఏసీ స్పేస్’ అని రాయించాడట. చోటు ఉంది, నిజమే. డబ్బాకి ఉంది. ఏడాదికోసారి దాని వెనక ఫిన్స్ అనే పల్చటి రేకుల మీద పేరుకున్న దుమ్ము కడగాలంటే, నట్టు దగ్గర నూనె మరక కనబడితే సబ్బు నురగ పూసి లీకు చూడాలంటే, మనిషి ఎక్కడ నిలబడతాడు? కిటికీలోంచి ఒక చెయ్యి మాత్రం పడుతుంది. చెయ్యి పట్టే చోట సర్వీస్ జరగదండీ, గ్యాస్ నింపడం జరుగుతుంది. లీకు ఉన్నచోటే ఉంటుంది, ఏటా వేసవికి నింపుతూనే ఉంటారు. ఏసీలో గ్యాస్ పెట్రోలులాగా ఖర్చయిపోతుందని జనం అనుకుంటున్నారు. కానే కాదు. లీకు లేకపోతే మిషన్ ఉన్నన్నాళ్లూ అదే గ్యాస్. ఏటేటా నింపుతున్నారంటే ఎక్కడో కారుతోందనీ, దాని దగ్గరికి ఎవడూ వెళ్లలేకపోతున్నాడనీ అర్థం.

డక్టు లేనిచోట సన్‌షేడ్. మా పనిలో సగం దాని మీదే. వెడల్పు అడుగున్నర, మహా అయితే రెండడుగులు. వాన నుంచి కిటికీని కాపాడటానికి పోసిన పలక అది, మనిషి బరువూ మిషన్ బరువూ మోయడానికి కాదు. టన్నున్నర అవుట్‌డోర్ 30 కిలోల చిల్లర ఉంటుంది. గోడకి స్టాండు బిగించి, డబ్బాని దాని మీద కూర్చోబెట్టి, కింద రబ్బరు బుష్‌లు వేసి, రసమట్టం పెట్టి చూసి, నాలుగు కాళ్లకీ బోల్టులు బిగించాలి. అక్కడికి మోత పనే అయింది. తర్వాతది చేతి పని. కాపర్ పైపు కోసి, లోపలి గరుకు తీసి, పొట్టు లోపల పడకుండా కిందికి వంచి పట్టుకుని, ఫ్లేరింగ్ టూల్‌తో అంచుని గంట పువ్వులా విప్పాలి. వెంట్రుకంత చీలిక ఉన్నా ఆర్నెల్లలో గ్యాస్ గాలిలో కలిసిపోతుంది. తర్వాత వాక్యూమ్ పంపు పెట్టి పావుగంట, ఇరవై నిమిషాలు పైపుల్లో గాలినీ తేమనూ లాగేయాలి. గేజీ ముల్లు నిలబడిందా లేదా కాసేపు ఆగి చూడాలి. తేమ మిగిలితే లోపలి ఆయిల్‌తో కలిసి పాడుచేసి, రెండు మూడేళ్లలో కంప్రెసర్‌నే తినేస్తుంది. ఇదంతా ఒక చేత్తో కిటికీ గ్రిల్లు పట్టుకుని, రెండో చేత్తో చేయాలి. అందుకే చాలామంది వాక్యూమ్ ఎగ్గొడతారు. మిషన్లో గ్యాసే కొంచెం వదిలి ‘గాలి పోయిందిలే’ అని నట్టు బిగించేస్తారు. తప్పే. నేనూ కుర్రతనంలో చేశాను. నాలుగో అంతస్తు సన్‌షేడ్ మీద ఇరవై నిమిషాలు ఊరికే నిలబడి ముల్లు చూడమంటే కాళ్లు ఒప్పుకోవు.

ఇల్లు మారేటప్పుడు ఏసీ విప్పడం ఇంకా ప్రమాదం. గ్యాస్‌నంతా అవుట్‌డోర్‌లోకి లాగి వాల్వులు మూయడాన్ని పంప్ డౌన్ అంటాం. ఆ సమయంలో లూజు నట్టులోంచో, తొందరపడి ముందే విప్పిన పైపులోంచో కంప్రెసర్ గాలి పీల్చిందంటే లోపలి ఆయిలూ ఆ గాలీ కలిసి బాంబులా పేలొచ్చు. పైగా ఇప్పుడు ఇళ్లకు వస్తున్న ఏసీల్లో ఎక్కువగా ఆర్ 32 గ్యాస్. పాత ఆర్ 22 లాంటిది కాదు, గాలిలో తగు పాళ్లలో కలిసి నిప్పు తగిలితే అంటుకుంటుంది. గాలాడని డక్టులో కూర్చుని దీనితో పని చేయడమంటే మీరే ఊహించుకోండి.

నా దగ్గర పనిచేసిన కుర్రాడి సంగతి చెప్పాలి. పేరు రాయను. 2019 ఆగస్టు, ముందు రోజు రాత్రంతా వాన. మూడో అంతస్తు. తాడు గ్రిల్లుకి కట్టాను, ఆ గ్రిల్లు గోడకి మూడు స్క్రూలతో ఆగి ఉందని చూసుకోలేదు. వాడు సన్‌షేడ్ మీదికి దిగి డబ్బా అందుకోబోయాడు. పాచి మీద కాలు జారింది. గ్రిల్లు ఊడొచ్చింది. ముందు వాడి హవాయి చెప్పు కింద పడ్డ చప్పుడు విన్నాను, తర్వాత రేకు చప్పుడు. వాచ్‌మన్ వంట చేసుకునే రేకుల పాక మీద పడ్డాడు కాబట్టి బతికాడు. కుడి కాలి మడమ ఎముక నుజ్జయింది. ఇంటాయన మంచివాడు. తన కార్లోనే హాస్పిటల్‌కి తీసుకెళ్లాడు, ముందు కట్టాల్సిన డబ్బూ ఆయనే కట్టాడు. సాయంత్రం మళ్లీ ఫోను చేసి, ‘ఇంట్లో నెలల పిల్ల ఉందండీ, మిగతా పని రేపు అవుతుందా’ అని మొహమాటంగా అడిగాడు. మర్నాడు వెళ్లి అదే సన్‌షేడ్ మీద నేనే నిలబడి బిగించి వచ్చాను. ఎందుకు వెళ్లానో నాకిప్పటికీ తెలియదు. పదిహేను వందల కోసం కావచ్చు. మా వాడు ఇప్పుడు సింగ్‌నగర్లో టిఫిన్ బండి పెట్టుకున్నాడు. దోసెలు బాగా పోస్తాడు. చలికాలం వస్తే కాలు ఈడుస్తాడు.

మొగల్రాజపురంలో నాకు పాత కస్టమర్ ఒకావిడ, రిటైరైన టీచరమ్మ. కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. నేను సర్వీసుకి వెళ్లిన రోజునే అక్కడ వాళ్లింట్లో ఏసీ మారుస్తున్నారని వీడియో కాల్‌లో చూపించింది. ఇల్లంతటికీ ఒకటే అవుట్‌డోర్, మా డబ్బాకి మూడింతలు, ఫ్యాన్ ఆకాశంలోకి ఊదుతోంది. ఇంటి పక్క గడ్డిలో కాంక్రీటు పలక మీద కూర్చోబెట్టారు. చేతికందే దూరంలో గోడకి కరెంటు కట్ చేసే పెట్టె. అక్కడ గ్యాస్ జోలికి వెళ్లే మెకానిక్కి పరీక్ష పాసైన సర్టిఫికెట్ ఉండాలట. అదంతా సరే, నా కళ్లు మాత్రం ఆ మెకానిక్ మీదే ఉన్నాయి. ప్లాస్టిక్ బకెట్ బోర్లించుకుని దాని మీద తీరిగ్గా కూర్చున్నాడు. వాక్యూమ్ పంపు గుర్రుమంటుంటే పక్కన కాఫీ కప్పు. ‘ఏంటి అబ్బాయ్ అంతలా చూస్తున్నావ్’ అందావిడ. బకెట్ చూస్తున్నానండీ అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు.

అందరికీ పెరడు ఎక్కణ్ణుంచి వస్తుంది, తెలుసు నాకు. సెంటు లెక్కన కొనే ఊళ్లో గడ్డి, పలక అడగట్లేదు. ప్రతి బెడ్‌రూమ్ పక్కనా మూడడుగుల వెడల్పు గట్టు, దానికి నడుం ఎత్తు రెయిలింగు, లోపల్నుంచి దాని మీదికి వెళ్లడానికి ఒక చిన్న తలుపు. గాలి పోవడానికి ఒక వైపైనా పూర్తిగా బయటికి తెరిచి ఉండాలి. తాడు తగిలించుకోవడానికి గోడలోకి పోత పోసిన రెండు ఇనుప కొక్కేలు. ఫ్లాటు ఖరీదులో ఇదెంత? ముందు బాల్కనీకి అద్దాల రెయిలింగు పెడుతున్నారు కదా. కార్పొరేషన్ వాళ్లు ప్లాన్ పాస్ చేసేటప్పుడు కారు పార్కింగు గీత చూస్తారు, ఇంకుడు గుంత చూస్తారు. ఏసీ ఎక్కడ పెడతారు, దాని దగ్గరికి మనిషి ఎటు నుంచి నడిచి వెళ్తాడు అని కూడా అడిగి గీయించండి. మెట్లకి కొలతలు రాసుకున్నవాళ్లం, దీనికి రాసుకోలేమా?

ఫ్లాటు కొనేవాళ్లకి ఒక మాట. మోడల్ ఫ్లాటు చూడటానికి వెళ్లినప్పుడు వంటింట్లో గ్రానైటు తర్వాత నిమరండి, ముందు బెడ్‌రూమ్ కిటికీ తెరిచి బయటికి చూడండి. మీ తమ్ముణ్ణో కొడుకునో అక్కడ నిలబడమంటారా? మిషన్ బిగించేవాడు బెల్టు, తాడు తెచ్చుకోకపోతే లోపలికి రానివ్వకండి. ‘వాక్యూమ్ ఎంతసేపు పెడతావు బాబూ’ అని అడగండి, అడిగితే పెడతాడు. గంటలో అయిపోవాలని మాత్రం తొందర పెట్టకండి. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలో ఒక రోజు ఏసీ లేకపోతే కష్టమే, కాదనను.

తాడు కట్టుకునే చోటు లేని పని ఈ ఏడాది నుంచి మానేశాను. నెలకి అయిదారు పోతున్నాయి. పది రోజుల కిందట ఒకటి అలాగే వద్దని వచ్చేశాను, ఇంకెవరో వెళ్లి గంటలో బిగించేశారట. నిన్న అటుగా వెళ్తూ తలెత్తి చూశాను. డబ్బా కుడి పక్కకి వాలి ఉంది, స్టాండు ఆ వైపు రెండు బోల్టులకి ఒకటే కనబడింది. సరిగ్గా దాని కిందే స్కూటర్లు పెడుతున్నారు. వాచ్‌మన్‌ని పిలిచి ఆ బండ్లు ఇవతలికి తీయించి, ఫ్లాటు వాళ్లకి నా నంబరు ఇచ్చి వచ్చాను. ఇంకా ఫోను రాలేదు.

ఇట్లు,
ఒక ఏసీ మెకానిక్,
అజిత్‌సింగ్ నగర్, విజయవాడ.