సీడీ డ్రైవ్ లేని ఆ ఎనిమిది కంప్యూటర్ల గురించి

తిరుపతి
2025 నవంబరు 16, ఆదివారం

పాపా,

నాయన ఆశీస్సులు. అమ్మ, అవ్వ, నేను అందరం బాగున్నాం.

నిన్న రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. బడిలో ఎనిమిది కంప్యూటర్లు ఉన్నాయనీ, గోనెపట్టా కప్పి ఒక మూల పెట్టారనీ, ఒక్కదాంట్లోనూ సీడీ పనిచేయదనీ చెప్పావు. పిల్లలు మాత్రం రోజూ కిటికీ చువ్వలు పట్టుకుని లోపలికి చూస్తుంటారన్నావు. నా మనసు ఆ మాట దగ్గరే ఆగిపోయింది. "పాత సామాన్లకు వేసేయమంటున్నారు నాయనా, ఏమైనా చేయొచ్చా?" అని అడిగావు. చేయొచ్చు. ఇరవై ఏళ్ళుగా లీలామహల్ దగ్గర ఈ అంగడి నడుపుతున్నాను, ఇంతకంటే పాతవాటిని లేపాను. ఫోన్లో చెబితే సగం నీకు వినబడదు కాబట్టి రాస్తున్నాను. ఈ ఉత్తరాన్ని ఆ గదిలోనే పెట్టుకో, పని చేసేటప్పుడు చూసుకోవచ్చు.

ముందు సీడీ లేదనే దిగులు వదిలేయి, కొత్త సాఫ్ట్‌వేర్‌ను పెన్‌డ్రైవ్ నుంచి కూడా ఎక్కించొచ్చు. డెస్క్‌టాపులు ఐదింటిలో డ్రైవులు ఉండి చెడిపోయాయి, అది మామూలే. వాడకుండా పెడితే లెన్సు మీద దుమ్ము పేరుకుంటుంది, ట్రేని లాగే చిన్న రబ్బరు బెల్టు సాగిపోతుంది. చిన్న ల్యాప్‌టాపులు మూడింటికైతే పుట్టుకతోనే సీడీ డ్రైవ్ లేదు. 2007లో ఆసుస్ ఈ పీసీ వచ్చాక అలాంటివి వరసగా దిగాయి, నెట్‌బుక్కులు అనేవాళ్ళం. ధర, బరువు తగ్గించడానికి సీడీ డ్రైవ్ తీసేశారు. అందుకే పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అయ్యే, అంటే దాంట్లోని సాఫ్ట్‌వేర్‌తో మొదలయ్యే ఏర్పాటు వాటి లోపలే ఉంటుంది.

వాటిలో ఉన్న విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌లోనే అప్‌డేట్లు ఆగిపోయాయి. పోయిన నెల 14న విండోస్ 10కి కూడా మామూలు అప్‌డేట్లు ఆగాయి. అప్పటినుంచి అంగడికి రోజూ ఎవరో ఒకరు బాగా నడుస్తున్న కంప్యూటర్ పట్టుకొచ్చి "ఇక పనికిరాదా అన్నా?" అని అడుగుతున్నారు. వాళ్ళ ముఖాలు చూస్తే బాధేస్తుంది. అందుకే మీ బడి కంప్యూటర్లలో విండోస్ బదులు లినక్స్ వేద్దాం, అది ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్, అంటే కంప్యూటర్‌ను నడిపే మూల సాఫ్ట్‌వేర్. అది ఎలా పుట్టిందో మీ పిల్లలకు చెప్పు. 1991లో ఫిన్లాండ్‌లో లినస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ళ విద్యార్థి తన గదిలో కూర్చుని మొదలుపెట్టాడు. ఈ రోజు వాళ్ళ ఇళ్ళలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ల లోపల కూడా అదే ఉంది. అప్పటికి అతను మీ తొమ్మిదో తరగతి పిల్లలకంటే ఏడెనిమిదేళ్ళు పెద్దవాడు, అంతే.

స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు హెడ్మాస్టరు గారిని అడుగు. అవి స్టాక్ రిజిస్టరులోకి ఎక్కిన ప్రభుత్వ సామాను. ఏ నంబరు కంప్యూటర్‌లో ఏం చేయబోతున్నావో కాగితం మీద రాసి ఆయన సంతకం తీసుకో. ఉద్యోగంలో కొత్తగా చేరినదానివి, రేపు ఎవరూ నిన్ను వేలెత్తి చూపకూడదు.

తర్వాత, ఏ డిస్కునూ లోపల చూడకుండా చెరపొద్దు. ఈ సంగతి నీకు ఎప్పుడూ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. 2012లో చంద్రగిరి నుంచి ఒక రిటైరైన తెలుగు మాస్టారి కంప్యూటర్ అంగడికి వచ్చింది. తెచ్చింది ఆయన కొడుకు. వైరస్‌లతో నిండిపోయింది, మొత్తం తుడిచేసి లినక్స్ వేయమన్నాడు. లోపల కావలసినవి ఉన్నాయా అని అడిగితే ఏమీ లేవన్నాడు. నేను ఆ మాట నమ్మి మొత్తం డిస్క్ చెరిపే ఆప్షన్ నొక్కాను. మూడో రోజు మాస్టారే బస్సెక్కి వచ్చారు. చుట్టుపక్కల పల్లెల్లో ముసలమ్మలు పాడిన పాటలు రాసి డి డ్రైవ్‌లో పెట్టుకున్నారట. నాలుగేళ్ళ పని, ఒంటి వేలితో టైప్ చేసింది. నన్ను ఒక్క మాట అనలేదు. స్టూలు మీద కూర్చుని, "ఇంకెక్కడైనా మిగిలి ఉంటుందా బాబూ?" అని అడిగారు. ఫోటోరెక్ అనే ప్రోగ్రామ్ పెట్టి మూడు రాత్రులు వెతికాను. అది చెరిగిన ఫైళ్ళను తవ్వి తీస్తుంది గానీ వాటి పేర్లు తేలేదు. పేరు లేని వందల ఫైళ్ళను ఒక్కొక్కటే తెరిచి చూస్తే కొన్ని పాటలు దొరికాయి. మిగతావి పోయాయి. కొడుకుది తప్పని నేను ఎప్పుడూ అనుకోలేదు. తెరిచి చూడాల్సింది నేను.

మీ డిస్కుల్లో కూడా పాత మార్కుల జాబితాలు, పిల్లల ఫోటోలు, ఎప్పుడో బదిలీ అయిపోయిన టీచర్లు తయారుచేసిన పాఠాలు ఉండొచ్చు. చూడటం కష్టం కాదు. లినక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేస్తే, డిస్కును ముట్టుకోకుండా మెమరీలోనే నడిచే లైవ్ పద్ధతి ఉంటుంది. అందులో డిస్క్ తెరిచి, కావలసినవన్నీ నేను పంపే ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసుకో. ఏ కంప్యూటర్ డిస్క్ అయినా టిక్ టిక్ అని కొట్టుకుంటుంటే అది చివరి దశలో ఉన్నట్టు, ముందు దాన్నే కాపీ చెయ్. తెలుగు ఫైళ్ళు కొన్ని అను ఫాంట్లలో ఉంటాయి. అవి యూనికోడ్ కాదు, అంటే అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే పద్ధతిలో లేవు కాబట్టి లినక్స్‌లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగలిసి కనిపిస్తాయి. చెడిపోయాయని పారేయకు. అంగడిలో అను ఫాంట్లు ఉన్న కంప్యూటర్ ఉంది, నాకు పంపితే పీడీఎఫ్ చేసి ఇస్తాను.

ఇక ఏ లినక్స్ వేయాలన్నది. లినక్స్‌లో డెబియన్, యాంటీఎక్స్ అని చాలా రకాలు ఉన్నాయి. నువ్వు తీసి పంపిన స్టిక్కర్ల ఫోటోలు చూశాను. డెస్క్‌టాపుల్లో మూడు కోర్ 2 డుయో ప్రాసెసర్‌వి, 64 బిట్‌వి, 2 జీబీ ర్యామ్ ఉంది. వాటికి ఎల్‌ఎక్స్‌క్యూటీ అనే తేలికైన తెర అమరికతో డెబియన్ 13 సరిపోతుంది. మిగతా రెండు పెంటియమ్ 4, 512 ఎంబీ ర్యామ్. నెట్‌బుక్కులు మూడింటిలో ఆటమ్ ఎన్270 ఉంది, అది 32 బిట్ మాత్రమే. దానికి 64 బిట్ లినక్స్ పెడితే ఈ ప్రాసెసర్ సరిపోదని ఒక వాక్యం చూపించి ఆగిపోతుంది. కంప్యూటర్ చెడిపోయిందని చాలామంది అక్కడే వదిలేస్తారు. ఈ ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 నుంచి 32 బిట్ కంప్యూటర్లకు ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేశారు. అందుకని డెబియన్ 12 మీద కట్టిన యాంటీఎక్స్ 23లో 32 బిట్ రకం ఎంచుకున్నాను. చాలా తేలికైనది. పెంటియమ్ 4లకూ అదే.

పెన్‌డ్రైవులు రెండూ నేనే రాసి పంపుతున్నాను. ఎప్పుడైనా మళ్ళీ నువ్వే రాసుకోవాల్సి వస్తే, లినక్స్ మొత్తం ఇమిడి ఉండే ఐఎస్‌ఓ ఫైలును ఫోటోలాగా కాపీ చేసి పేస్ట్ చేస్తే బూట్ కాదు. విండోస్‌లో అయితే రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో రాయాలి. పాత కంప్యూటర్లకు పార్టిషన్ స్కీమ్ దగ్గర ఎంబీఆర్, టార్గెట్ దగ్గర బయోస్ పెట్టు. రాసే ముందు ఫైలు సరిగ్గా దిగిందో లేదో షా256 అనే లెక్కతో సరిచూడు, అది ఫైలుకు వేలిముద్ర లాంటిది. 64 అక్షరాల ఆ వరుస, డౌన్‌లోడ్ చేసిన చోట ఇచ్చిన దానితో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. కలవకపోతే మళ్ళీ దింపుకో. సగం దిగిన ఫైలుతో కుస్తీ పట్టి రోజంతా పోగొట్టుకున్నవాళ్ళు నాకు తెలుసు.

బూట్ చేసేటప్పుడు పెన్‌డ్రైవ్ పెట్టిన తర్వాతే కంప్యూటర్ ఆన్ చెయ్. డెస్క్‌టాప్ అయితే వెనకవైపు పోర్టులో పెట్టు. ముందువైపు పోర్టుకు లోపల వైర్లుంటాయి, ఇన్నేళ్ళలో అవి వదులై ఉంటాయి. ఆన్ చేయగానే ఎఫ్12 గానీ ఎఫ్11 గానీ ఎస్కేప్ గానీ కొడుతూ ఉంటే బూట్ మెనూ వస్తుంది, అది కంపెనీని బట్టి మారుతుంది. రాకపోతే ఎఫ్2 లేదా డిలీట్ కొట్టి బయోస్‌లోకి, అంటే ఆన్ అవగానే కంప్యూటర్ మొదట చూసుకునే సెట్టింగుల్లోకి వెళ్ళు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. పాత బయోస్‌లలో పెన్‌డ్రైవ్ పేరు యూఎస్‌బీ కింద కాకుండా హార్డ్ డిస్కుల వరుసలో కనిపిస్తుంది. ఆ వరుస తెరిచి పెన్‌డ్రైవ్‌ను అన్నింటికంటే పైకి తేవాలి. ఆన్ చేస్తే బీప్ బీప్ అని అరిచి తెర రాకపోతే, ప్లగ్ తీసి, ర్యామ్ బయటికి లాగి, దాని బంగారు రంగు పళ్ళను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది మళ్ళీ గట్టిగా నొక్కి పెట్టు. నా అంగడికి చచ్చిపోయాయని వచ్చినవాటిలో ఎన్నో దీంతోనే లేచాయి.

పెంటియమ్ 4ల్లో ఒకదాని బయోస్‌లో యూఎస్‌బీ అనే మాటే లేదన్నావు కదా. దానికి దగ్గరి దారి ఉంది. దాని హార్డ్ డిస్క్ ఊడదీసి కోర్ 2 డుయో కంప్యూటర్‌లో పెట్టి, అక్కడ లినక్స్ ఎక్కించి, తిరిగి దాని చోట పెట్టేయడమే. అది వెడల్పాటి పట్టీలాంటి 40 పిన్నుల ఐడీఈ కేబుల్ డిస్క్. కోర్ 2 డుయో బోర్డు మీద ఆ సాకెట్ ఉందేమో చూడు. లేకపోతే పార్సెల్లో ఉన్న యూఎస్‌బీ కన్వర్టర్ వాడు. ఏది వాడినా ముందుగా ఆ కోర్ 2 డుయో సొంత డిస్క్ కేబుల్ పీకేయి. మరిచిపోతే దాన్ని చెరిపేసే ప్రమాదం ఉంది. చెరపకపోయినా బూట్ చేయించే గ్రబ్ ఆ డిస్కు మీద పడితే రెండూ లేవవు. 64 బిట్ కంప్యూటర్‌లో పెట్టినా సరే, యాంటీఎక్స్ 32 బిట్‌దే ఎక్కించు, ఎందుకంటే ఆ డిస్క్ చివరికి వెళ్ళేది పెంటియమ్‌లోకే. ఎక్స్‌పీ ఉన్న డిస్కును ఇలా వేరే కంప్యూటర్‌కు మారిస్తే నీలి తెర వచ్చేది. లినక్స్ ఆన్ అయిన ప్రతిసారీ ఎదురుగా ఏ సామాను ఉందో చూసుకుని దానికి తగిన డ్రైవర్లు ఎక్కించుకుంటుంది కాబట్టి సర్దుకుపోతుంది. లాన్ కేబుల్ మీదుగా ఎక్కించే పీఎక్స్‌ఈ పద్ధతి కూడా ఉంది గానీ ఎనిమిదింటికి దాని జోలికి పోవద్దు, దాన్ని సిద్ధం చేసేలోపు ఈ పని అయిపోతుంది.

ఉదయం పూట, కరెంటు నిలకడగా ఉన్నప్పుడు మొదలుపెట్టు. నెట్‌బుక్కుల బ్యాటరీలు ఎటూ చార్జింగ్ పట్టవు, మధ్యలో కరెంటు పోతే మళ్ళీ మొదటికి రావాలి.

ఎక్కించాక ఇంటర్నెట్ పెట్టి చూస్తే ఏ సైటూ తెరుచుకోకపోవచ్చు. అప్‌డేట్లు కూడా రావు. గడియారం చూడు, 2005 అనో 2009 అనో చూపిస్తుంటుంది. లోపల నాణెంలాంటి సీఆర్2032 బ్యాటరీ అయిపోతే కరెంటు తీసినప్పుడల్లా తేదీ వెనక్కి పోతుంది. తేదీ తప్పుగా ఉంటే సైట్లు ఇచ్చే సర్టిఫికెట్లను కంప్యూటర్ నమ్మదు. బ్యాటరీ మార్చి తేదీ సరిచేస్తే అన్నీ తెరుచుకుంటాయి. వైఫై దొరకకపోతే నీ ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చెయ్, ఫోన్లోని ఇంటర్నెట్ కంప్యూటర్‌కు అందుతుంది.

పిల్లల్ని కూర్చోబెట్టే ముందు తెలుగు పెట్టు. పోతన, వేమన ఫాంట్లు డెబియన్‌లో ఉచితంగా ఉంటాయి. కీబోర్డు ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు అమరికలో పెట్టు. కే అనే మీట నొక్కితే క వస్తుంది, మిగతావి రెండు మూడు రోజుల్లో పిల్లలే పట్టేస్తారు. మొదటి రోజు ఏ పాఠమూ వద్దు. ఒక్కొక్కరినీ తమ పేరు తెలుగులో టైప్ చేయనివ్వు. మన అంగడిలో నువ్వు మొదటిసారి నీ పేరు టైప్ చేసిన రోజు నాకు ఇంకా గుర్తుంది, ఆ కాగితం ప్రింట్ తీసి అవ్వకు ఇచ్చావు. అవ్వ దగ్గర ఇప్పటికీ ఉంది.

ఏవి చేయలేవో కూడా పిల్లలకు ముందే చెప్పు. నెట్‌బుక్కుల్లో యూట్యూబ్ సాఫీగా ఆడదు. బ్రౌజర్‌లో రెండు మూడు ట్యాబులు తెరిస్తే బిగుసుకుపోతుంది. లిబ్రేఆఫీస్‌లో రాసుకోవడానికి, లెక్కల పట్టికలు వేయడానికి, టక్స్ పెయింట్‌లో బొమ్మలు గీయడానికి, జీకాంప్రీలో చిన్నపిల్లల లెక్కల ఆటలకు, పైథాన్ నేర్చుకోవడానికి మాత్రం చక్కగా పనికొస్తాయి.

రేపు పొద్దున్నే పార్సెల్‌ను ఆర్టీసీ కార్గోలో పలమనేరుకు పెడతాను, బస్టాండ్‌లో తీసుకో. ఎర్ర దారం కట్టిన పెన్‌డ్రైవ్ 64 బిట్‌ది, నీలి దారం కట్టింది 32 బిట్‌ది. ఎక్స్‌టర్నల్ డిస్క్, కన్వర్టర్, ఎనిమిది బ్యాటరీలు, స్క్రూడ్రైవర్, రబ్బరు అన్నీ ఉన్నాయి. వేరుశనగ ఉండలు అమ్మ పెట్టింది, పిల్లలకు కూడా సరిపడా ఉన్నాయి. అడుగున ఒక నోటుబుక్కు ఉంటుంది. మొదటి పేజీలో గళ్ళు గీశాను, కంప్యూటర్ నంబరు, డిస్క్‌లో ఏం కనబడింది, ఎక్కడ కాపీ చేశావు, ఎవరికి చూపించావు అని. ఆ గళ్ళు నిండాకే ఇన్‌స్టాల్ నొక్కు. మొదట ఒక్క నెట్‌బుక్ చెయ్. అది లేచిన వెంటనే ఫోన్ చెయ్, ఎంత రాత్రయినా సరే.

నాయన