బూటు అడుగు

కంచరపాలెం,
ఆదివారం రాత్రి.

అమ్మడూ,

ఫోన్లో అడిగితే ఏదో ఒకటి చెప్పి నవ్వేస్తావు. అందుకే కాగితం తీశాను. దీంట్లో అయితే నన్ను మధ్యలో ఆపలేవు.

"నాలుగో హర్డిల్ దగ్గర కాలు జారిందమ్మా" అన్నావు మొన్న. ఆ అడ్డుకర్ర దూకేటప్పుడు జారావేమో అనుకుని నమ్మాను. నిన్న నీకు ఫోన్ చేస్తే మీ రూమ్మేట్ ఎత్తింది. జారింది కాలు కాదట, స్పైక్స్, అదే నీ పరుగు బూటు, అడుగు ఊడి వచ్చిందట. రెండు నెలల నుంచి గమ్ము పెట్టి అంటించుకుంటున్నావట. ఆ పిల్లని ఏమీ అనకు, నేనే గుచ్చి గుచ్చి అడిగాను.

ఆ రెండు నెలల్లోనే నువ్వు నాకు ఆరు వేలు పంపావు, నా కుట్టు మిషను వాయిదాకి. బూటుకి గమ్ము, మిషనుకి డబ్బు! చెప్పొద్దూ, నాకు ఒళ్ళు మండిపోయింది. తర్వాత కూర్చుని ఆలోచిస్తే తప్పు నాదేనేమో అనిపించింది. నువ్వు ఎనిమిదో క్లాసులో ఉన్నప్పటి నుంచి "జ్యోతిని చూడు, జ్యోతిని చూడు" అని నీ చెవిలో జోరీగలా పాడింది నేనే కదా. హర్డిల్స్ పరిగెత్తే జ్యోతి యర్రాజీ, మన వైజాగ్ అమ్మాయి, వాళ్ళ నాన్న సెక్యూరిటీ గార్డు, అమ్మ ఇళ్ళల్లో పని చేసింది, అయినా ఆసియా ఛాంపియన్ అయింది అని. అందులో నువ్వు వినిపించుకున్నది అమ్మానాన్నల కష్టం గురించి మాత్రమే అనుకుంటాను. నేను చెప్పిందీ అదే మరి. పరుగు గురించి నాకేం తెలుసు?

ఇప్పుడు కాస్త తెలిసింది. నిన్న రాత్రి తమ్ముడు జ్యోతి గురించి ఫోన్లో వెతికి చదువుతుంటే నేను లైనింగ్ బ్లౌజుకి హుక్కులు కుడుతూ విన్నాను. 2020లో యూనివర్సిటీల మీట్‌లో ఆ అమ్మాయి వంద మీటర్ల హర్డిల్స్ 13.03 సెకన్లలో పరిగెత్తిందట. అప్పటి జాతీయ రికార్డు 13.38. అయినా లెక్కలోకి తీసుకోలేదు, అక్కడ డోపింగ్ పరీక్ష జరగలేదని. 2022 ఏప్రిల్‌లో కోళికోడ్‌లో 13.09. అదీ పోయింది, వెనక గాలి ఎక్కువైందని. సెకనుకి 2 మీటర్ల దాకా ఉండొచ్చట, ఆ రోజు 2.1. ఆ 0.1 వినగానే నాకు సూది వేలికి గుచ్చుకుంది, నిజం. మళ్ళీ నెలకే సైప్రస్‌లో 13.23 పరిగెత్తింది. ముందు రెండుసార్ల కంటే నెమ్మదే, కానీ రికార్డు పుస్తకంలోకి ఎక్కింది అదే. దాంతో ఇరవై ఏళ్ళ నాటి అనూరాధా బిస్వాల్ రికార్డు పోయింది. ఆవిడది మీరున్న ఒడిశాయేనట.

నువ్వు ఒకసారి విసుక్కున్నావు గుర్తుందా, "ఈ అరవై మీటర్ల హర్డిల్స్ ఒలింపిక్స్‌లోనే లేవు, ఎందుకమ్మా ఇది" అని. నాకూ అలాగే ఉండేది. బీచ్ రోడ్డు గాలి పీల్చి పెరిగిన పిల్లకి పైకప్పు కింద, గాలి లేని చోట పరుగేంటి అని. జ్యోతి సంగతి విన్నాక అర్థమైంది, లోపల గాలి లెక్కే ఉండదట. ఎంత పరిగెత్తితే అంతే. ఈ అరవై మీటర్లే ఆ అమ్మాయి 2023లో అస్తానాలో 8.13 సెకన్లు, వెండి. 2024 ఫిబ్రవరిలో టెహ్రాన్‌లో 8.12, బంగారం. ఏడాది కష్టానికి సెకనులో నూరో వంతు! 2025 జనవరిలో ఫ్రాన్స్‌లో 8.04 అయిందట. టెహ్రాన్ వీడియో పెడితే మీ నానమ్మ చూసి, "ఏటే, అప్పుడే అయిపోనాదా?" అంది. మళ్ళీ పెట్టమంది. నాలుగుసార్లు చూసింది.

ఇవాళ పొద్దున ఇంకో పని చేశాం, నవ్వకు. బీచ్ రోడ్డులో పొద్దున్నే బండ్లు ఆపేస్తారు కదా, నేనూ తమ్ముడూ వెళ్ళి కాళీమాత గుడి దగ్గర నుంచి మీ అరవై మీటర్లు కొలిచాం. నా టైలరింగ్ టేపుతోనే. వాకింగ్‌కి వచ్చినవాళ్ళు రోడ్డుకి బ్లౌజు కుడుతున్నామా అన్నట్టు చూశారు. నా టేపు అరవై అంగుళాలు, మీ అరవై మీటర్లు దాదాపు నలభై టేపులు. మొదటి హర్డిల్ దాకా 13 మీటర్లు, అంటే ఎనిమిదిన్నర టేపులు. అక్కడి నుంచి ఒక్కో హర్డిల్‌కి మధ్య ఎనిమిదిన్నర మీటర్లు. సుద్దతో ఐదు గీతలు గీశాను. ఒక గీత నుంచి ఇంకో గీతకి నడిస్తే నాకు పద్నాలుగు అడుగులు పట్టింది. నువ్వు మధ్యలో మూడే అడుగులు వేస్తావని తమ్ముడు చెప్పాడు. హర్డిల్ ఎత్తు 84 సెంటీమీటర్లు. ఇంటికొచ్చి మిషను బల్ల పక్కన టేపు నిలబెట్టి చూశాను. బల్ల కంటే మూడంగుళాలు ఎక్కువే ఉంది.

అంటే నా మిషను బల్ల కంటే ఎత్తైనవాటిని ఐదింటిని, ఎనిమిది సెకన్లలో, అడుగు ఊడిన బూటుతో దూకుతున్నావు. మిషను వాయిదా కోసం.

తల్లీ, ఆ వాయిదా గత నెలే కట్టేశాను. పెళ్ళిళ్ళ సీజను కదా, ఫాల్ పీకోలే రోజుకి పది వచ్చాయి. నాన్న కూడా నైట్ డ్యూటీలు చేశారు. మాకు లోటు ఉన్నప్పుడు నేనే అడుగుతాను, నాకేం మొహమాటం లేదు. నీ ఆరు వేలూ ముట్టుకోలేదు, రేపు పొద్దున నీ అకౌంట్లో వేయిస్తాను. స్పైక్స్ కొనుక్కో. సరిపోకపోతే ఎంత తగ్గిందో చెప్పు. మీ కోచ్ గారికి కూడా బూటు సంగతి దాచావని తెలిసింది. ఆయనకి నువ్వే చెప్పు, నాతో చెప్పించుకోకు.

ఆ మీట్‌లో ఎనిమిదో స్థానం వచ్చిందని బెంగ పెట్టుకోకు. నువ్వు చెప్పినప్పుడు బాధపడ్డ మాట నిజమే. ఇప్పుడు లేదు. బూటు ఊడి కూడా ఐదో హర్డిల్ దాటి గీత దాకా వెళ్ళావని రూమ్మేట్ చెప్పింది. కాలు బెణికిందా? అది మాత్రం ఆ పిల్ల చెప్పలేదు. ఏమైనా ఉంటే ఫిజియోకి చూపించుకో, నూనె రాసి ఊరుకోకు.

ఎదురింటి వాళ్ళబ్బాయి గురువారం రైలుకి భువనేశ్వర్ వస్తున్నాడు. ఉసిరికాయ పచ్చడి, మాడుగుల హల్వా పంపుతున్నాను. హల్వాలో సగం రూమ్మేట్‌కి ఇవ్వు.

కొత్త స్పైక్స్ కొన్నాక ఫోటో పెట్టు. పైనుంచి కాదు, తిరగేసి అడుగు కనపడేలా.

మీ అమ్మ