2024–25 వార్షిక నివేదిక: ఈసారి సంక్రాంతి మనమే చేసుకున్నాం

గౌరవ సభ్యులందరికీ మన అపార్ట్‌మెంటు సంఘం కార్యవర్గం తరఫున నమస్కారాలు.

ఈ ఏడాది లిఫ్టు మరమ్మతు పూర్తయింది, నీళ్ల ట్యాంకులు రెండుసార్లు కడిగించాం, పార్కింగ్ గొడవ మాత్రం ఇంకా తేలలేదు. బిల్లులన్నీ ఆఫీసు గదిలో ఉన్నాయి, వచ్చి చూసుకోవచ్చు. ఈ నివేదికలో ఎక్కువ చోటు సంక్రాంతికే ఇస్తున్నాను. సభ్యులు నన్ను మెట్ల మీద ఆపి మరీ మాట్లాడింది దాని గురించే. మెచ్చుకున్నవాళ్లున్నారు, చివాట్లు పెట్టినవాళ్లూ ఉన్నారు.

అంతకుముందు ఏడాది డెకరేషన్ కాంట్రాక్టుకిచ్చాం. ప్లాస్టిక్ బంతిపూలు, థర్మోకోల్ ఎడ్లబండి, ఫ్లెక్సీ మీద అచ్చేసిన పల్లెటూరు, ఆపైన డీజే. భోగి ముందు రాత్రి వచ్చి కట్టారు, కనుమ సాయంత్రానికి విప్పుకుపోయారు. మనం చందా కట్టి ఫొటోలు దిగాం. అందుకే సర్వసభ్య సమావేశంలో ఒక పెద్దావిడ "ఈసారి మనమే చేసుకుందాం, ఉన్నంతలో చేసుకుందాం" అనగానే అందరం చప్పట్లు కొట్టాం. దేనికి ఒప్పుకున్నామో డిసెంబరులో గానీ అర్థం కాలేదు.

డిసెంబరు 16న ధనుర్మాసం మొదలైంది. ఆ రోజు నుంచి గేటు ముందు రోజూ ఒక ముగ్గు, రోజుకో ఫ్లాటు వంతు. మొదటి వారం స్టిక్కర్ ముగ్గు అతికించి చేతులు దులుపుకున్నవాళ్లున్నారు, మా ఇంటితో సహా. తర్వాత చుక్కలు తెలిసినవాళ్లు పక్కన కూర్చుని నేర్పారు. సందుచుక్క అంటే మధ్య వరసలో 15 పెట్టి, పైకీ కిందికీ ఒక్కొక్కటి తగ్గిస్తూ 8 దాకా రావాలి. ఎక్కడో ఒక్క చుక్క జరిగితే చివర్లో గీత కలవదు. పదో తరగతి కుర్రాడొకడు మెలికల ముగ్గు కలవక తంటాలు పడుతుంటే ఆఫీసుకెళ్లేవాళ్లు కార్లు ఆపుకుని సలహాలిచ్చారు. ఒక్క సలహా పనికిరాలేదు.

చీమలకు తిండవుతుందని బియ్యప్పిండి వాడాం. చీమలు గేటు దగ్గర ఆగలేదు, గ్రౌండ్ ఫ్లోర్ వంటింట్లోకి వెళ్లాయి. ఫిర్యాదు వచ్చాక సగం ముగ్గురాయి పిండి కలిపాం. వరికంకుల కుచ్చు పిచ్చుకల కోసం కట్టాం, పావురాలు తినేశాయి. మామిడి తోరణాలు మూడో రోజుకే వాడిపోయాయని ఒకరు అడిగారు. వాడతాయండీ, ఆకులు కదా.

గొబ్బెమ్మలకు పేడ తెచ్చే పని మగవాళ్లకు అప్పగించాం. ఇద్దరు స్కూటర్ మీద బకెట్టు పెట్టుకుని వెళ్లొచ్చారు. గుమ్మడిపూలు బజారులో దొరకలేదు గానీ మేడ మీద డ్రమ్ములో వేసిన పాదుకు పూశాయి. కొన్ని వదిలేసి మగపూలు మాత్రమే కోస్తే కాయకు నష్టం లేదని చెప్పాక ఆ ఇంటివాళ్లు ఒప్పుకున్నారు.

జనవరి 13న భోగి మంటలో టైర్లు, ప్లాస్టిక్, పాలిష్ చెక్క వేయొద్దన్నాం. పిల్లలు పిడకల దండలు వేశారు. మంట చిన్నదే అయినా వేపకొమ్మ ఒకటి కమిలింది, ఉబ్బసం ఉన్న ఒక పెద్దాయన పొగకు ఇబ్బంది పడ్డారు. ఆ తప్పు మాదే. వచ్చేసారి చోటు మారుస్తాం.

పండుగ రోజుకు సగం ఫ్లాట్లు తాళాలే. ఉన్నవాళ్లకు పెద్ద సంబరం హరిదాసు. ఇన్నాళ్లూ వాచ్‌మన్ గేటు దగ్గరే పంపించేసేవాడు, మనం చెప్పబట్టే. ఈసారి లోపలికి రానిచ్చాం. నెత్తిమీద అక్షయపాత్రతో ఆయన నాలుగంతస్తులు ఎక్కలేరు కదా, బియ్యం పట్టుకుని మనమే దిగాం. ఎదురింట్లో ఉండీ పేర్లు తెలియనివాళ్లు అక్కడ మాట్లాడుకున్నారు.

ఇక చివాట్లు. కుర్రాళ్లకు డీజే లేక బోర్ కొట్టింది, ఆ మాట దాచను. రెండోది ఇంకా గట్టిది: వంతు ఫ్లాటుదని రాసుకున్నా, తెల్లవారుజామున లేచింది దాదాపు ప్రతి ఇంట్లో ఆడవాళ్లే. ఖర్చు తగ్గింది గానీ పని తగ్గలేదు, వాళ్ల మీద పడింది. వచ్చేసారి వంతుల పట్టికలో ఫ్లాటు నంబరు బదులు మనిషి పేరు రాయాలని కార్యవర్గం తీర్మానించింది.

ఆఖరి రోజు రథం ముగ్గు. మూడో అంతస్తువాళ్లు తమ గుమ్మం ముందు రథం వేసి, దాని తాడును పక్క ఫ్లాటు రథానికి కలిపారు. అది చూసి రెండో అంతస్తువాళ్లు మెట్ల మీదుగా గీత లాక్కున్నారు. సాయంత్రానికి తాడు గేటు దాటి వీధిలోకి వెళ్లింది. అంతసేపూ అందరూ ముగ్గు తొక్కకుండా గోడవారగా నడిచారు.

మెట్ల మీది గీతలు శుభ్రం చేయడానికి అదనంగా పట్టిన ఒక రోజు కూలీ ఖర్చుల్లో చూపించాం. ముగ్గుపిండి ఒక సంచి మిగిలింది, మీటర్ల గదిలో ఉంది. కావలసినవాళ్లు తీసుకెళ్లండి.

— కార్యదర్శి