టర్బో మార్చే ముందు

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. నాన్నగారి మోకాలి నొప్పి తగ్గిందని అమ్మ ఫోనులో చెప్పింది, మనసు కుదుటపడింది. ఇక నీ పికప్ సంగతి. ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే టర్బో పోయింది, మార్చాల్సిందే అని మెకానిక్ అన్నాడని రాశావు. కొన్నాళ్లు ఆగమని ఆయనకు చెప్పు. టర్బో పోయి ఉండవచ్చు, కాదనను. కానీ పోయిన టర్బో వారానికి నాలుగు రోజులు బాగా లాగి, అయిదో రోజు మాత్రమే మొరాయించడం అరుదు.

నువ్వు చెప్పిన లక్షణాలన్నీ ఇక్కడ నా డీజిల్ పికప్‌లోనూ కనిపించాయి. వెనక బరువు వేసుకుని ఎత్తు ఎక్కుతుంటే ఉన్నట్టుండి బలం పోతుంది, ఇంజిన్ లైటు వెలుగుతుంది, యాక్సిలరేటర్ ఎంత తొక్కినా వేగం పెరగదు. పక్కకు తీసి, ఇంజిన్ ఆపి, మళ్లీ స్టార్ట్ చేస్తే ఏమీ ఎరగనట్టు పరుగెడుతుంది. షెడ్డుకు తీసుకెళ్లిన రోజున మరీ బుద్ధిగా నడుస్తుంది. ఆ రోజు మన మాట ఎవరూ నమ్మరు.

బండి ఇలా బలం తగ్గించుకుని కుంటుతూ నడవడాన్నే లింప్ మోడ్ అంటారు. దాన్నే జబ్బు అనుకోకు. ఏదో ఒక సెన్సర్ చెప్పే అంకె నమ్మేలా లేదని బండిలోని కంప్యూటర్‌కు అనిపిస్తే, ఇంజినో గేర్‌బాక్సో దెబ్బతినకుండా అదే బలాన్ని తగ్గించేస్తుంది. కాబట్టి మనం వెతకాల్సింది దానికి అనుమానం ఎందుకు వచ్చిందన్నది. ఆ కారణాన్ని కోడ్ రూపంలో అది రాసిపెట్టుకుంటుంది. అందుకే బ్యాటరీ తీగ తీసి పెట్టడం, కోడ్లు చదివే స్కానర్‌తో కోడ్ చెరిపేయడం వెంటనే మానుకో. కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా చెరిగిపోతుంది. తప్పు దొరికిన క్షణంలో ఇంజిన్ ఎన్ని చుట్లు తిరుగుతోంది, ఎంత వేడి మీద ఉంది, బండి ఎంత వేగంలో ఉంది, ఎంత భారం లాగుతోంది, ఇవన్నీ అందులో ఉంటాయి. అప్పుడప్పుడు వచ్చే రోగానికి మన దగ్గరున్న సాక్ష్యం అదొక్కటే.

కోడ్ అంకె కూడా జాగ్రత్తగా చదవాలి. నీ మెకానిక్ ‘బూస్ట్ కోడ్ వచ్చింది’ అన్నాడట. బూస్ట్ అంటే టర్బో నెట్టే గాలి పీడనం. ఏ బూస్ట్ కోడ్? పి0299 అయితే, కావలసినంత గాలి పీడనం నిజంగానే రావడం లేదని అర్థం. అప్పుడు గొట్టాలు, టర్బో, దాన్ని నడిపే యాక్చుయేటర్ చూడాలి. పి0237 అయితే సంగతే వేరు. పీడనం ఎలా ఉన్నా, బూస్ట్ సెన్సర్ నుంచి వచ్చే వోల్టేజీ ఉండాల్సిన దానికంటే పడిపోయిందని అది చెబుతోంది. అంటే సెన్సరో, దాని వైరో, కనెక్టరో. రెండింటికీ బండి కుంటడం ఒకేలా ఉంటుంది, అందుకే చాలామంది రెండో కోడ్‌కు కూడా టర్బో విప్పుతారు. నాకు వచ్చింది పి0237.

తర్వాత చేసింది చాలా తేలికైన పని. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పి, స్కానర్‌లో బూస్ట్ సెన్సర్ చూపే పీడనం చూశాను. ఇంజిన్ తిరగనప్పుడు అది బయటి గాలి పీడనమే చూపాలి. సముద్రమట్టానికి దగ్గరలో అది సుమారు 100 కిలోపాస్కల్, ఎత్తు ప్రాంతాల్లో ఇంకాస్త తక్కువ. నా బండిలో సరిగ్గానే ఉంది. ఒక చేత్తో సెన్సర్ వైర్ల కట్టను అంగుళం అంగుళం కదుపుతూ తెర చూస్తూ పోయాను. ఇంజిన్ వెనక భాగంలో ఒకచోట నొక్కగానే అంకె గోడ మీంచి దూకినట్టు సున్నాకు పడింది. వదిలేశాను, మళ్లీ మామూలే. గొట్టం చిరిగితే పీడనం అలా ఒక్కసారిగా మాయమవదు. బయటి గాలి ఉన్నంతవరకు సున్నాకు అసలే రాదు.

ఆ చోట వైర్ల కట్టను పట్టి ఉంచాల్సిన ప్లాస్టిక్ క్లిప్పు లేదు. వైర్లు ఒక ఇనుప పట్టీ అంచు మీద వాలి ఉన్నాయి. పై టేపు విప్పితే ఒక వైరు మీద వడ్లగింజంత మేర తొడుగు అరిగి, లోపలి రాగి బయటపడి మెరుస్తోంది. ఎత్తు మీదే ఎందుకు వచ్చేదో అప్పుడు అర్థమైంది. ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద ఉంటుంది కదా, భారం లాగేటప్పుడు కాస్త పక్కకు ఒరుగుతుంది. ఒరిగినప్పుడు ఆ వైరు పట్టీకి తగిలేది, సిగ్నల్ నేరుగా బాడీలోకి పోయేది. షెడ్డులో ఖాళీగా నిలబెట్టి ఎన్ని గంటలు చూసినా దొరకదు మరి! వైరుకు సోల్డర్ వేసి, హీట్ ష్రింక్ గొట్టం తొడిగి, కట్టను పట్టీకి దూరంగా కొత్త క్లిప్పుతో బిగించాను.

నీ బండిలోనూ అక్కడే ఉంటుందని అనడం లేదు. వేడెక్కాకే వస్తోందా, తడిసినప్పుడా, గతుకుల్లోనా, బరువు లాగేటప్పుడా అన్నది ముందు గమనించు. తడిసినప్పుడే అయితే కనెక్టర్లు విప్పి పిన్నుల మీద పచ్చటి మరక ఉందేమో చూడు. బరువు లాగేటప్పుడు పి0299 వస్తుంటే టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ గొట్టాల అడుగు వైపు చెయ్యి పెట్టి తడుము. పీడనం వచ్చినప్పుడే తెరుచుకునే చీలిక పైనుంచి కనిపించదు, దాని చుట్టూ నూనె జిడ్డు తగులుతుంది. పి0087 వస్తే డీజిల్ పీడనం చాలడం లేదని అర్థం, డీజిల్ ఫిల్టరుతో మొదలుపెట్టు. ఒకేసారి మూడు నాలుగు సెన్సర్ల కోడ్లు వస్తే అన్నీ కొనకు. చాలా సెన్సర్లు ఒకే 5 వోల్టుల సరఫరా పంచుకుంటాయి, ఒకటి షార్ట్ అయితే మిగతావీ తప్పు చెబుతాయి. ఒక్కొక్కటిగా ప్లగ్గు తీస్తూ, ఏది తీసినప్పుడు 5 వోల్టులు తిరిగి వస్తాయో మల్టీమీటర్‌తో చూడాలి.

బ్యాటరీ, ఎర్తు తీగల బిగింపు చూడటానికి పది నిమిషాలు చాలు, అవి ముందే కానివ్వు.

ఈలోగా ఆ బండితో ఓవర్‌టేక్‌లు వద్దు. ఎదురుగా లారీ వస్తుండగా బలం పోతే ఏమవుతుందో నీకు నేను చెప్పనక్కరలేదు. నాన్నగారు పొలానికి తీసుకెళ్లమంటే ఇంకో బండి చూడు.

ఈసారి లైటు వెలిగినప్పుడు బండిని క్షేమంగా పక్కన ఆపి, కోడ్ చెరపకుండా స్కానర్ తెర ఫొటో తీసి పంపు. కోడ్ ఒక్కటే కాదు, ఫ్రీజ్ ఫ్రేమ్ అంకెలన్నీ కనిపించాలి. అవి చూశాక టర్బో సంగతి మాట్లాడుకుందాం.

ప్రేమతో,
అక్క