పట్టపగలు ఫ్లాష్ ఎందుకంటే

మా స్టూడియోకు వచ్చే వారందరికీ నమస్కారం. ఈ మధ్య ఆరుబయట ఫొటోలు తీసేటప్పుడు నేను ఫ్లాష్ వెలిగిస్తుంటే చూసినవాళ్లు నవ్వుకుంటున్నారు. పోయిన వారం కొండారెడ్డి బురుజు దగ్గర ఒక పెద్దావిడ అడిగేశారు కూడా: "ఏం నాయనా, ఇంత ఎండ కాస్తుంటే మళ్లీ దీపం దేనికి?" అక్కడ నిలబడి ఆవిడకు చెప్పింది సగం జవాబే. మిగతా సగంలో నా తప్పు ఉంది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

పద్దెనిమిదేళ్లుగా నా పని నాలుగు గోడల మధ్యే సాగింది. పాస్‌పోర్టు ఫొటోలు, పిల్లల పుట్టినరోజులు, పెళ్లిచూపులకు పంపే ఫొటోలు. లోపల వెలుగు నా మాట వింటుంది. పెళ్లికి ముందు జంటలను బయట తీయమని అడిగేవారు ఎక్కువవడంతో పోయిన వేసవిలో ఒప్పుకున్నాను. ఇంత అనుభవం ఉంది, బయట మాత్రం ఏముంటుందిలే అనుకున్నాను.

మే నెల మొదట్లో ఒక జంటను నంద్యాల రోడ్డులో ఓర్వకల్లు రాళ్ల దగ్గరికి తీసుకెళ్లాను. బయలుదేరడం ఆలస్యమై, చేరేసరికి పన్నెండు కావస్తోంది. మే 4 ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు 8, 9 తేదీల ప్రాంతంలో కర్నూలులో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. పన్నెండుంబావుకు మనిషి నీడ కాళ్ల కిందే దాక్కుంటుంది. ఆ వెలుగులో నుదురు, ముక్కు మెరుస్తాయి, కళ్లు గుంటల్లోకి పోతాయి. మొదటి ఫొటోలో అమ్మాయి కళ్లున్న చోట రెండు నల్లటి మచ్చలు కనిపించాయి.

సంచిలో స్టూడియో పాత ఫ్లాష్ ఉంది. తగిలించి, అప్పుడున్న షట్టర్ వేగంతోనే, అంటే సెకనులో 1/1000 వంతు సేపే వెలుగు లోపలికి వచ్చేలా నొక్కాను. ఫొటోలో పెద్ద భాగం మీద ఫ్లాష్ పడలేదు, అక్కడ ఎండ వెలుగు ఒక్కటే ఉండి పట్టీలా తేడా కనిపించింది. ఇది కెమెరా లోపం కాదు. షట్టర్‌లో రెండు తెరలుంటాయి. వేగం ఒక హద్దు దాటితే మొదటి తెర పూర్తిగా తెరుచుకోకముందే రెండోది మూసుకోవడం మొదలవుతుంది. ఫ్లాష్ రెప్పపాటులో వెలిగి ఆరిపోతుంది కాబట్టి ఆ క్షణంలో తెరిచి ఉన్న సందు వరకే దాని వెలుగు అందుతుంది. నా కెమెరాకు ఆ హద్దు 1/200.

అది గుర్తుకొచ్చి షట్టర్‌ను 1/200కు, లెన్స్ రంధ్రాన్ని ఎఫ్/11కు, కెమెరా వెలుగును పట్టే చురుకుదనాన్ని (ఐఎస్ఓ) 100కు మార్చాను. అంతవరకు లెక్క సరిపోయింది. ఫ్లాష్ బలాన్ని మాత్రం నిండుగానే వదిలేశాను, అదీ ఆరడుగుల దూరంలో. కెమెరా వెనుక ఉన్న చిన్న తెర ఆ ఎండలో ఏమీ కనబడదు. ఇంటికి వచ్చి చూసి, ఎడిటింగ్‌లో సర్దేయవచ్చులే అనుకున్నాను. తెల్లగా కాలిపోయిన చోట ఏ ఎడిటింగూ చర్మాన్ని తిరిగి తేలేదు. ఆల్బమ్ తెరిచిన పెళ్లికూతురి తల్లి, కోపం కూడా లేకుండా అన్నమాట: "మా అమ్మాయి ముఖానికి సున్నం కొట్టినట్టుంది."

ఆ వేసవిలో అలాంటి ఆల్బమ్‌లు ఐదు ఇచ్చాను. ఐదుగురి దగ్గరా డబ్బు పూర్తిగా తీసుకున్నాను.

తర్వాత రెండు నెలలు బయటి పని ఒప్పుకోలేదు. మేడ మీద ఒక మట్టికుండను స్టూలు మీద బోర్లించి, బొగ్గుతో కళ్లు గీసి, మా నాన్నగారి పాత కళ్లజోడు పెట్టి, రోజూ మధ్యాహ్నం దాన్నే తీశాను. పక్కింటివాళ్లు ఏదో దిష్టి తీసే తంతు అనుకున్నారట. ఆ కుండ దగ్గర నేర్చుకున్న ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఎండను షట్టర్‌తోనూ ఫ్లాష్‌ను దాని బలంతోనూ విడివిడిగా సర్దుకోవచ్చు. షట్టర్ వేగం 1/200 దాటకుండా ఎంత మార్చినా వెనుక ఆకాశమూ ఎండ పడ్డ చోట్లూ ముదురుతాయి లేదా తేలిపోతాయి, ముఖం మీద పడే ఫ్లాష్ మాత్రం మారదు. ఇక దూరం సంగతి. రెండింతలు వెనక్కి జరిగితే ఫ్లాష్ వెలుగు నాలుగో వంతే అందుతుంది. అడుగు ముందుకో వెనక్కో జరిగినప్పుడల్లా బలం మార్చుకోవాలి. నేనిప్పుడు ముందు ఎండకు తగ్గట్టు ఒక ఫొటో తీసుకుని, తర్వాత ఫ్లాష్‌ను ఎనిమిదో వంతు బలంతో మొదలుపెడతాను. ముఖంలో నీడ పూర్తిగా పోకూడదు, పలచబడితే చాలు. ఫ్లాష్ వేసినట్టు చూసేవారికి తెలిసిపోతే ఎక్కువైందనే అర్థం. కళ్లలో చిన్న చుక్క మెరిస్తే సరిపోతుంది.

పెళ్లిళ్లలో షామియానా కింద ఇది ఇంకా పనికొస్తుంది. ఎర్రటి, పసుపుపచ్చటి గుడ్డల గుండా వచ్చే ఎండ ముఖాలకూ ఆ రంగే పూస్తుంది. బావగారు ఎర్రగా, బావమరిది పసుపుగా వచ్చిన గ్రూపు ఫొటోలు మీ ఇళ్లలోనూ ఉండే ఉంటాయి. కొంచెం ఫ్లాష్ కలిపితే ఆ రంగు చాలావరకు విరుగుతుంది. సాయంత్రం తుంగభద్ర ఒడ్డున మాత్రం వ్యవహారం తిరగబడుతుంది. చుట్టూ ఎర్రటి వెలుగు ఉండగా ఫ్లాష్ తెల్లగా పడి, ముఖం అతికించినట్టు కనిపిస్తుంది. అందుకే అప్పుడు నారింజ రంగు జిలెటిన్ కాగితం కడతాను. కళ్లజోడు ఉన్నవారికి ఫ్లాష్‌ను కెమెరా మీది నుంచి తీసి, పక్కకు, ఎత్తులో పట్టించాలి. దానికి ఒక మనిషి కావాలి, అందుకే ఒక కుర్రాణ్ణి పెట్టుకున్నాను. బయటి షూటింగ్‌కు ఇక నుంచి 500 రూపాయలు ఎక్కువ. అది అతని కూలి.

కొందరు చెవిలో చెబుతున్నారు, ఫ్లాష్ ఎక్కువ వేసి అమ్మాయిని తెల్లగా చూపించమని. అది నా వల్ల కాదు. చామనఛాయ చామనఛాయగానే వస్తుంది.

ఏప్రిల్, మే నెలల్లో పదకొండు నుంచి మూడు దాకా జంటల ఫొటోలకు బయటకు రాను. ఫ్లాష్ కళ్ల కింది నీడను తీస్తుంది కానీ చెమటనూ, ఎండకు చిట్లించిన కళ్లనూ ఏమీ చేయలేదు. పైగా ఆ వేడికి ఫ్లాష్ కూడా అలిసి మధ్యలో ఆగిపోతుంది. ముహూర్తం మన చేతిలో ఉండదు కాబట్టి పెళ్లి రోజున ఈ నియమం లేదు.

ఇక ఆ ఐదు కుటుంబాల విషయం. ముగ్గురికి మళ్లీ ఫొటోలు తీసి, పాడైన పేజీలు నా ఖర్చుతో మార్చి ఇచ్చాను. సున్నం అన్నావిడ కొత్త పేజీని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూసి, "ఇది మా అమ్మాయే" అన్నారు. మిగిలిన ఇద్దరి ఫోను నంబర్లు మారినట్టున్నాయి, ఎంత ప్రయత్నించినా దొరకలేదు. ఇది చదివితే ఆల్బమ్ తీసుకుని రండి. రశీదు పోయినా పర్వాలేదు, ఆ తెల్లటి ముఖాలను నేను గుర్తుపడతాను.